సలామిస్ విజయం – థెమిస్టోక్లీస్ కీర్తి: ఒక రహస్య సందేశానికి గ్రీకు రచనలిచ్చిన అర్థాలు

వ్యాససంగ్రహం

క్రీ.పూ. 480లో సలామిస్ జలసంధిలో గ్రీకు నౌకాదళం పారసీక నౌకాదళాన్ని ఓడించింది. ఆ విజయానికి సూత్రధారిగా పేరొందిన ఎథెన్సు నాయకుడు థెమిస్టోక్లీస్ సుమారు పదేళ్లకే స్వనగరం నుంచి బహిష్కృతుడై, చివరకు పారసీక చక్రవర్తి ఇచ్చిన పట్టణంలో కన్నుమూశాడు. విజయమే అతని కీర్తికి మూలమైతే, అపకీర్తికి మూలమేమిటన్న ప్రశ్నను ఈ వ్యాసం ఎస్కిలస్, హెరొడోటస్, థ్యూసిడిడీస్, ప్లేటో, ప్లూటార్క్ రచనల ఆధారంగా పరిశీలిస్తుంది. యుద్ధానికి ముందు రాత్రి శత్రువుకు పంపిన రహస్య సందేశమే ప్రశంసకూ నిందకూ ఒకే ఆధారమైందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సలామిస్, థెమిస్టోక్లీస్, ఎస్కిలస్, హెరొడోటస్, థ్యూసిడిడీస్, ప్లూటార్క్, కీర్తి, బహిష్కారం.

ఉపోద్ఘాతం

సేనానుల కీర్తిని గురించి రాసేవారు సాధారణంగా యుద్ధాన్ని కారణంగాను, కీర్తిని ఫలితంగాను భావిస్తారు. గెలిచినవాడికి పేరు వస్తుంది, ఆ పేరును తరువాతి రచయితలు నమోదు చేస్తారు అన్నది ఈ భావన. థెమిస్టోక్లీస్ విషయంలో ఈ క్రమం చెల్లదు. అతని విజయాన్ని ఏ ప్రాచీన రచయితా కాదనలేదు. అయినా ఆ విజయం అతనిదేనా, అతడు ఎవరి పక్షాన గెలిచాడు, ఎందుకు గెలిచాడు అన్న ప్రశ్నలు యుద్ధం ముగిసిన కొద్ది కాలానికే మొదలై శతాబ్దాలపాటు సాగాయి.

యుద్ధ పూర్వరంగాన్ని క్లుప్తంగా గుర్తుచేసుకోవాలి. క్రీ.పూ. 483 ప్రాంతంలో లారియాన్ గనుల్లో దొరికిన వెండిని పౌరులకు పంచే బదులు యుద్ధనౌకల నిర్మాణానికి వినియోగించాలని థెమిస్టోక్లీస్ ఎథెన్సు సభను ఒప్పించాడు. అప్పటికి చూపిన కారణం పొరుగు ద్వీపమైన ఈజినాతో వైరం. హెరొడోటస్ ఆ నౌకలు 200 అంటాడు. అరిస్టాటిల్ పేరిట ఉన్న ఎథెన్సు రాజ్యాంగ గ్రంథం 100 అంటుంది. మూడు వరుసల తెడ్లతో నడిచే ఒక్కో నౌకకు (ట్రైరీమ్) దాదాపు 200 మంది కావాలి. వారిలో 170 మంది తెడ్లు వేసేవారే. ఆస్తిలేని పౌరులకు ఈ నౌకలు యుద్ధంలో స్థానం కల్పించాయి. ఈ సంగతి తరువాత ప్లేటో విమర్శ సందర్భంలో మళ్లీ వస్తుంది. సలామిస్ వద్ద గ్రీకుల సర్వసేనాని పదవి మాత్రం థెమిస్టోక్లీస్‌ది కాదు. అది స్పార్టాకు చెందిన యూరిబయాడీస్‌ది. కీర్తి విషయంలోని తొలి చిక్కు ఇక్కడే ఉంది: ఆజ్ఞ ఒకరిది, ఆలోచన మరొకరిది.

పేరు లేని విజేత

సలామిస్‌ను గురించి నేటికి మిగిలిన తొలి విస్తృత రచన చరిత్ర కాదు, నాటకం. క్రీ.పూ. 472లో ఎస్కిలస్ 'పారసీకులు' నాటకం ఎథెన్సులో ప్రదర్శితమైంది. ప్రదర్శన వ్యయం భరించినవాడు యువకుడైన పెరిక్లీస్. యుద్ధం జరిగి ఎనిమిదేళ్లే అయింది. ప్రేక్షకుల్లో ఆ నౌకల్లో తెడ్డు పట్టినవారు అనేకులు. నాటకరంగం మాత్రం పారసీక రాజధాని సూసా. ఓటమి వార్తను రాజమాతకు దూత వినిపిస్తాడు. మరణించిన పారసీక సేనానుల పేర్లు ఆ నాటకంలో జాబితాలుగా వస్తాయి. సమకాలికుడైన గ్రీకువాడి పేరు ఒక్కటీ లేదు.

ఈ మౌనాన్ని విమర్శకులు రెండు విధాలుగా వ్యాఖ్యానించారు. వెలివేతకు చేరువవుతున్న థెమిస్టోక్లీస్‌ను ఎస్కిలస్ పేరెత్తకుండా సమర్థించాడన్నది ఒక వాదం. విజయాన్ని వ్యక్తి చేతినుంచి తీసి నగరానికి అప్పగించాడన్నది మరొకటి. రెండో వాదానికి బలమైన ఊతం నాటకంలోనే ఉంది. రహస్య సందేశం తెచ్చినవాడిని దూత ఎథెన్సు సైన్యం నుంచి వచ్చిన ఒక గ్రీకువాడిగా మాత్రమే పేర్కొంటాడు. పైగా ఆ వాక్యానికి ముందే, ఈ అనర్థానికి నాంది పలికింది ఏదో దుష్టదైవమని చెబుతాడు. మానవుడి కపటం, దేవతల అసూయ ఒకే వాక్యంలో పక్కపక్కన నిలుస్తాయి. కపటం దేవతల పనికి ఉపకరణమైనప్పుడు దాని కర్త పేరు అడగవలసిన అవసరం ప్రేక్షకుడికి కలగదు.

అయితే మొదటి వాదాన్ని పూర్తిగా తోసిపుచ్చడం కూడా తొందరపాటే. పేరు చెప్పకపోయినా ప్రేక్షకులందరికీ తెలిసిన వ్యక్తిని ప్రస్తావించడం ఒక రకమైన గౌరవం. ఆ సందేశం నాటకకథలో మలుపు. ఎస్కిలస్ దానిని విడిచిపెట్టి సిటాలియా ద్వీపంలో కాల్బలం సాగించిన వధతోనే సరిపెట్టుకోగలిగేవాడు. ఆ వధకు నాయకత్వం వహించినవాడు థెమిస్టోక్లీస్ ప్రత్యర్థి అరిస్టైడీస్ అని హెరొడోటస్ చెబుతాడు. నాటకం రెంటినీ చెప్పి ఇద్దరి పేర్లనూ విడిచింది. మౌనం ఇద్దరికీ సమానంగా దక్కిందన్నమాట.

బుద్ధి ఎవరిది?

హెరొడోటస్ చేతికి వచ్చేసరికి పేరు తిరిగి వచ్చింది; దానితోపాటు మచ్చలూ వచ్చాయి. అతని ఏడవ పుస్తకంలో థెమిస్టోక్లీస్ ఇటీవలే ముందువరుసకు వచ్చిన మనిషిగా ప్రవేశిస్తాడు. నిజానికి అతడు క్రీ.పూ. 493లోనే ఆర్కన్ పదవి నిర్వహించినవాడు. కొయ్యగోడ నగరాన్ని కాపాడుతుందన్న డెల్ఫీ భవిష్యవాణికి, కొయ్యగోడ అంటే నౌకలేనని అతడు చెప్పిన భాష్యం సభను ఒప్పించింది. ఇది అతని ప్రతిభకు హెరొడోటస్ ఇచ్చిన నిస్సంకోచమైన గుర్తింపు.

ఎనిమిదవ పుస్తకంలో స్వరం మారుతుంది. ఆర్టెమీసియం వద్ద నౌకాదళం నిలిచి పోరాడాలని యుబోయియా వాసులు అతనికి 30 టాలెంట్లు ముట్టజెప్పారు. అందులో అయిదు యూరిబయాడీస్‌కు, మూడు కొరింతు సేనాని అడైమాంటస్‌కు ఇచ్చి మిగతాది తనవద్దే ఉంచుకున్నాడు. ఇక సలామిస్ వద్దనే పోరాడాలన్న ఆలోచన, హెరొడోటస్ కథనం ప్రకారం, మ్నెసిఫిలస్ అనే ఎథెన్సు పౌరుడిది. నౌకాదళం ఇక్కడినుంచి కదిలితే ఎవరి ఊరికి వారు చెదిరిపోతారని అతడు హెచ్చరించాడు. థెమిస్టోక్లీస్ నేరుగా యూరిబయాడీస్ నౌకకు వెళ్లి ఆ మాటలనే తన మాటలుగా వినిపించాడు.

మ్నెసిఫిలస్ కల్పిత పాత్ర కాడు. అతని పేరు గీసిన కుండపెంకులు ఎథెన్సు తవ్వకాల్లో బయటపడ్డాయి. అతడిదీ థెమిస్టోక్లీస్ పుట్టిన ఫ్రియారీ గ్రామమే. ప్లూటార్క్ ఈ సమస్యను రెండు చోట్ల రెండు విధాలుగా ఎదుర్కొన్నాడు. హెరొడోటస్ దురుద్దేశాన్ని ఎండగట్టే గ్రంథంలో, థెమిస్టోక్లీస్ కీర్తిని దొంగిలించడానికే ఈ కథ అల్లాడని మండిపడ్డాడు. జీవితచరిత్రలో మాత్రం మ్నెసిఫిలస్‌ను గురువుగా మార్చాడు. శిష్యుడి నోట గురువు మాట వస్తే అది చౌర్యం కాదు కదా!

అయితే హెరొడోటస్‌ను కేవలం ద్వేషిగా చదవడం అతని కథనశిల్పాన్ని తక్కువ చేయడమే. లంచం తీసుకున్న ఉదంతంలోనూ నౌకాదళం నిలిచింది; పరాయి ఆలోచనను చెప్పిన ఉదంతంలోనూ నౌకాదళం నిలిచింది. ప్రతి సందర్భంలోనూ గ్రీసుకు మేలు జరిగింది, థెమిస్టోక్లీస్‌కూ మేలు జరిగింది. ఈ రెండు మేళ్లను విడదీయలేకపోవడమే హెరొడోటస్ గుర్తించిన సమస్య. స్వార్థం, ప్రజాహితం ఒకే చర్యలో కలిసిపోయిన మనిషిని ఏ పేరుతో పిలవాలో అతని రచన తేల్చదు. ఆ తేల్చకపోవడం లోపం కాదు, పరిశీలన.

ఒకే సందేశం

యుద్ధానికి ముందు రాత్రి గ్రీకు సేనానులు ఇంకా వాదులాడుతున్నారు. పెలొపొనీసస్ వారు ఇస్త్‌మస్‌కు వెనుదిరగాలంటున్నారు. అప్పుడు థెమిస్టోక్లీస్ తన పిల్లల సంరక్షకుడైన సికినస్ అనే దాసుణ్ణి పడవలో పారసీకుల వద్దకు పంపాడు. తన యజమాని చక్రవర్తి పక్షపాతి అనీ, గ్రీకులు భయపడి పారిపోనున్నారనీ, ఇప్పుడే చుట్టుముట్టాలనీ సికినస్ చెప్పాడు. పారసీకులు నమ్మి రాత్రంతా నౌకలు నడిపి జలసంధి మార్గాలు మూసివేశారు. తెల్లవారేసరికి వెనుదిరిగే దారి గ్రీకులకు లేకపోయింది. ఇరుకు నీటిలో సంఖ్యాబలం పారసీకులకే భారమైంది.

ఈ సందేశాన్ని విశ్లేషిస్తే దానికి ఇద్దరు శ్రోతలున్నారని తెలుస్తుంది. మాటలు విన్నది పారసీకులు. ఫలితం అనుభవించింది గ్రీకు సేనానులు. మోసపోయినవారు ఒక్క శత్రువులే కాదు, మిత్రులు కూడా. అంతేకాదు, సందేశంలోని ప్రధానాంశం అబద్ధం కాదు: గ్రీకులు నిజంగానే వెనుదిరగాలని చూస్తున్నారు, వారిలో వారికి పొత్తు నిజంగానే లేదు. అబద్ధం ఒక్కటే – పంపినవాడు చక్రవర్తి హితైషి అన్నది. సమాచారం నిజమై, ఉద్దేశం మాత్రమే అబద్ధమైన సందేశం ఇది. ఉద్దేశం బయటికి కనిపించేది కాదు. యుద్ధంలో ఓడితే ఇదే సందేశం అతని భద్రతకు పత్రమయ్యేది.

విజయం తరువాత రెండో సందేశం వెళ్లింది. ఇక్కడే ఆకరాలు విడిపోతాయి. హెరొడోటస్ ప్రకారం, పారసీక సైన్యం దాటివచ్చిన హెలెస్‌పాంట్ వంతెనలను తెంచాలని థెమిస్టోక్లీసే మొదట కోరాడు, యూరిబయాడీస్ కాదన్నాడు. వెంటనే అతడు తన వాదాన్ని తిప్పి, ఎథెన్సువారిని ఆపి, గ్రీకులను ఆపింది తానేనని చక్రవర్తి జర్క్సీస్‌కు కబురు పంపాడు. పంపినవారిలో మళ్లీ సికినస్ ఉన్నాడు. రేపు ఎథెన్సులో ఆపద వస్తే తలదాచుకోవడానికి చక్రవర్తి వద్ద మేలు జమ చేసుకున్నాడని హెరొడోటస్ వ్యాఖ్య. జరిగినదాన్ని ఎరిగి వెనక్కి చదివిన వ్యాఖ్య ఇది. ప్రవాసం తెలియని రచయిత ఈ ఉద్దేశాన్ని ఊహించలేడు.

ప్లూటార్క్ కథనంలో ఇదే కబురు మోసుకెళ్లినవాడు ఆర్నకీస్ అనే బందీ. సలహా ఇచ్చినవాడు సాక్షాత్తు అరిస్టైడీస్. ఉద్దేశం జర్క్సీస్‌ను బెదిరించి త్వరగా ఆసియాకు తరమడం. అంటే ప్లూటార్క్ రాజద్రోహపు నీడను తొలగించడానికి, నీతికి మారుపేరైన ప్రత్యర్థిని సాక్షిగా తెచ్చి నిలబెట్టాడు. కథలో సాక్షిని మారిస్తే నేరం సేవ అవుతుంది.

ఇక థ్యూసిడిడీస్. ప్రవాసంలో ఉన్న థెమిస్టోక్లీస్ పారసీక చక్రవర్తి అర్టజర్క్సీస్‌కు రాసిన లేఖ సారాంశాన్ని అతడు ఇచ్చాడు. తండ్రికి తాను చేసిన కీడును ఒప్పుకుంటూనే, సలామిస్ నుంచి పంపిన హెచ్చరికనూ వంతెనలు నిలవడాన్నీ తాను చేసిన ఉపకారాలుగా థెమిస్టోక్లీస్ లెక్కగట్టాడు. వంతెనల విషయంలో ఆ దావా అబద్ధమని థ్యూసిడిడీస్ పక్కనే స్పష్టం చేశాడు. ఈ చిన్న సవరణ విలువైనది. హెరొడోటస్ చరిత్రగా చెప్పినదాన్ని థ్యూసిడిడీస్ వాగ్దాటిగా చదివాడు. అతని దృష్టిలో థెమిస్టోక్లీస్ ముందే మేలు జమ చేసుకోలేదు; అవసరం వచ్చినప్పుడు పాత సంఘటనకు కొత్త అర్థం చెప్పాడు. భవిష్యవాణిలోని కొయ్యగోడకు భాష్యం చెప్పినవాడికి తన గతానికి భాష్యం చెప్పడం కష్టమేమీ కాదు.

మూడు రచనలను పక్కపక్కన చదివితే ఒక సంగతి తేటపడుతుంది. థెమిస్టోక్లీస్ కీర్తిపై వివాదం సలామిస్‌తో సంబంధం లేని వేరే నేరం వల్ల పుట్టలేదు. గెలిపించిన సాధనమే వివాదవస్తువు. శత్రువుతో రహస్యంగా మాట్లాడగలగడం విజయం నాడు ప్రజ్ఞ. స్పార్టా సేనాని పాసనియాస్ పారసీకులతో కుమ్మక్కయ్యాడన్న కేసులో థెమిస్టోక్లీస్ పేరు లాగినప్పుడు, అదే శక్తి అతన్ని నమ్మరానివాడిగా చూపింది. అతనిపై ఆరోపణ నిజమా కాదా అన్నది వేరే సంగతి. ఆరోపణ నమ్మదగినదిగా తోచడానికి ఆధారాన్ని సమకూర్చింది అతని విజయమే.

థ్యూసిడిడీస్ మొదటి పుస్తకం చివర చేసిన ప్రశంసను ఈ వెలుగులో చూడాలి. ముందుగా నేర్చుకోకుండా, తరువాత చేర్చుకోకుండా, సహజప్రజ్ఞతోనే తక్షణ నిర్ణయం చేయగలవాడని అక్కడ థెమిస్టోక్లీస్‌ను కీర్తించాడు. ఎవరివద్దా నేర్చుకోలేదన్న నొక్కు మ్నెసిఫిలస్ కథకు పేరెత్తని జవాబుగా తోస్తుంది. అయితే ఆ ప్రశంసలో నిజాయితీ అన్న గుణం లేదని కూడా గమనించాలి. థ్యూసిడిడీస్ మరవలేదు; చేర్చలేదు.

ఓటు, పెంకు

యుద్ధానంతరం గ్రీకు సేనానులు ఇస్త్‌మస్‌లో పొసైడన్ బలిపీఠం వద్ద ఉత్తమ సేనానికి ఓటు వేశారు. ప్రతివాడూ మొదటి ఓటు తనకే వేసుకున్నాడు. రెండో ఓటు ఎక్కువమంది థెమిస్టోక్లీస్‌కు వేశారు. బహుమతి ఎవరికీ దక్కలేదు. హెరొడోటస్ గ్రంథంలో ఇంతటి హాస్యం అరుదు. ఎథెన్సు ఇవ్వని గౌరవాన్ని స్పార్టా ఇచ్చింది: ఆలివ్ కిరీటం, రథం, సరిహద్దుదాకా 300 మంది యోధుల సాగనంపు. తిరిగి వచ్చాక టిమోడెమస్ అనే వ్యక్తి, ఆ గౌరవం నగరానిదే కాని నీది కాదని అతన్ని దెప్పిపొడిచాడు. ఎస్కిలస్ నాటకంలోని మౌనం చెప్పినదీ దాదాపు అదే. ఒకటి కావ్యధర్మం, మరొకటి ఈర్ష్య.

థెమిస్టోక్లీస్ కూడా ఆ ఈర్ష్యకు ఇంధనం అందించాడు. ఉత్తమ సలహానిచ్చే దేవతగా ఆర్టెమిస్‌కు తన ఇంటిపక్కన, మెలిటే వాడలో, గుడి కట్టించాడని ప్లూటార్క్ చెబుతాడు. ఉత్తమ సలహా ఎవరిదో అందరికీ తెలుసు. దేవతను పూజించే నెపంతో తన్ను తాను పూజించుకున్నాడని పౌరులు చిరాకుపడ్డారు. ఆ చిన్న గుడి అవశేషాలు 20వ శతాబ్ది మధ్యలో ఎథెన్సులో వెలికివచ్చాయి.

క్రీ.పూ. 470ల చివర పౌరులు కుండపెంకులపై అతని పేరు గీసి పదేళ్లు వెలివేశారు. 1930ల చివర ఆక్రోపొలిస్ ఉత్తరపు వాలులో ఒక పాతబావినుంచి సుమారు 190 పెంకులు దొరికాయి. అన్నింటిపైనా థెమిస్టోక్లీస్ పేరే. దస్తూరీని పరిశీలించగా అవన్నీ సుమారు 14 మంది చేతిరాతలని తేలింది. అంటే ఓటర్లకు పంచడానికి ప్రత్యర్థులు ముందే రాయించి సిద్ధం చేశారు. అపకీర్తి దానంతట అది పెరగదు, దానికీ రాతగాళ్లు కావాలి. అయితే ఈ పెంకులు ఓటింగులో వాడకుండా మిగిలిపోయినవి కావచ్చు కాబట్టి, వాటిని బట్టి మొత్తం తీర్పే కుట్ర అనడం అతివ్యాప్తి.

ప్లేటో అసమ్మతి

నింద మొత్తం వ్యక్తిగతం కూడా కాదు. 'గోర్గియాస్' సంభాషణలో ప్లేటో థెమిస్టోక్లీస్‌ను, అతని వంటివారిని నగరాన్ని రేవులతో, నౌకాశాలలతో నింపినవారిగా తీసిపారేశాడు. 'శాసనాలు' గ్రంథంలో ఇంకా ముందుకు వెళ్లి, గ్రీకులను ఉత్తములను చేసినవి మారథాన్, ప్లాటియా భూయుద్ధాలే కాని సలామిస్ కాదన్నాడు. అసలు బాధ నౌకలది కాదు, తెడ్డు పట్టిన పేదలది. సలామిస్‌లో నౌకాజనం సాధించిన విజయం ఎథెన్సు ప్రజాస్వామ్యాన్ని బలపరిచిందని అరిస్టాటిల్ రాజనీతిశాస్త్రంలో చెప్పిన మాటే ప్లేటో అసంతృప్తికి సరైన వివరణ. సేనాని కీర్తిని తగ్గించడం ఇక్కడ ఒక వర్గపు హక్కును తగ్గించే మార్గం.

ట్రీజెన్ శిల

వ్యక్తి పోయిన తరువాత పేరు తిరిగి లేచింది. క్రీ.పూ. 4వ శతాబ్ది మధ్యలో, మాసిడోనియా భయం ముసిరిన రోజుల్లో, ఎథెన్సు వక్త ఎస్కినీస్ థెమిస్టోక్లీస్ తీర్మానాన్ని సభలో చదివి వినిపించాడని డెమోస్తనీస్ ప్రసంగం వల్ల తెలుస్తుంది. 1959లో మైకేల్ జేమ్సన్ ట్రీజెన్‌లో గుర్తించి 1960లో ప్రకటించిన శిలాశాసనం ఆ కోవకే చెందుతుంది. స్త్రీలను, పిల్లలను ట్రీజెన్‌కు తరలించాలని, 200 నౌకలను సిద్ధం చేసి సగం ఆర్టెమీసియంకు పంపాలని, సగం సలామిస్ చుట్టూ నిలపాలని ఫ్రియారీ వాసి, నియోక్లీస్ కుమారుడు థెమిస్టోక్లీస్ ప్రతిపాదించినట్లు అందులో ఉంది. లిపి మాత్రం క్రీ.పూ. 3వ శతాబ్దిది.

హెరొడోటస్ కథనంలో నగరం ఖాళీ చేయడం ఆర్టెమీసియం తరువాత హడావిడిగా జరిగిన పని. శిలలో అది ముందే వేసిన ప్రణాళిక. శాసనం అసలైన తీర్మానానికి ప్రతి అని కొందరు, దేశభక్తితో కూర్చిన పాఠమని కొందరు పండితులు వాదించారు. ప్రామాణ్యం సంగతి అలా ఉంచితే, రెండు శతాబ్దాల తరువాత ట్రీజెన్ వాసులు రాతిపై నిలపదలచుకున్నది ఏ థెమిస్టోక్లీస్‌నన్నది ఆసక్తికరం. అందులో కపటం లేదు, సికినస్ లేడు, టాలెంట్ల ప్రసక్తి లేదు. సభలో బహిరంగంగా ప్రతిపాదించి, బహిరంగంగా ఒప్పించిన పౌరుడు మాత్రమే ఉన్నాడు. అతని కీర్తిని నిష్కళంకం చేయాలంటే రహస్య సందేశాన్ని తీసివేయవలసి వచ్చింది. అది తీసివేస్తే విజయం ఎలా వచ్చిందో శిల చెప్పలేదు.

మెగ్నీషియా

అర్టజర్క్సీస్ అతనికి రొట్టెకు మెగ్నీషియాను, ద్రాక్షసారాయికి లాంప్సకస్‌ను, వ్యంజనాలకు మయస్‌ను ఇచ్చాడు. మెగ్నీషియా ఒక్కటే ఏటా 50 టాలెంట్ల ఆదాయం ఇచ్చేదని థ్యూసిడిడీస్ లెక్క. అతని పేరిట అక్కడ ముద్రించిన వెండి నాణేలు నేటికీ మిగిలాయి. మరణం వ్యాధివల్ల అని థ్యూసిడిడీస్ నిశ్చయం. చక్రవర్తికిచ్చిన మాట నిలుపుకోలేక విషం తాగాడన్న వదంతిని నమోదు చేసి వదిలేశాడు. ఆత్మహత్యలోనైనా దేశభక్తిని చూడాలన్న కోరిక ఆ వదంతిలో స్పష్టం. సంత మధ్య స్మారకం మెగ్నీషియాలో వెలిసింది. ఎముకలను మాత్రం బంధువులు ఎథెన్సువారికి తెలియకుండా తెచ్చి అట్టికా నేలలో పాతిపెట్టారని చెప్పుకునేవారు; రాజద్రోహికి అక్కడ సమాధి నిషిద్ధం.

అతని వంశీకులకు మెగ్నీషియాలో కొన్ని గౌరవాలు ప్లూటార్క్ కాలం వరకు, అంటే దాదాపు అయిదు శతాబ్దాలకు పైగా, కొనసాగాయి. వాటి ఫలం ఆ రోజుల్లో అనుభవిస్తున్నవాడు ఎథెన్సు వాసి. అమ్మోనియస్ అనే తత్త్వవేత్త వద్ద ప్లూటార్క్‌తో కలిసి చదువుకున్న మిత్రుడు. అతని పేరు కూడా థెమిస్టోక్లీస్.